నోరు ‘బాగుంది’ అంది, కాళ్లు రానన్నాయి

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. బెంగళూరులో వాడవాడలా ఉన్న ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో, ఇంటి ముంగిటికి వచ్చే ఆరోగ్య సేవలలో, రోగికి దొరికే ఆదరణ ఎలాంటిది, దానితో రోగి తృప్తి పడ్డాడో లేదో తెలుసుకోవడం ఎలా అన్నదే ఆ విషయం. రాసినవారి పేర్లు, కేంద్రాల పేర్లు తీసివేసి, అయిదు ఉత్తరాలకు ఇక్కడ జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: మా అత్తగారికి 67 ఏళ్లు. మదనపల్లె నుంచి వచ్చి ఆరేళ్లుగా తూర్పు బెంగళూరులో మాతోనే ఉంటున్నారు. ఆమెకు బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. ఇంటికి దగ్గరలోని ఆరోగ్య కేంద్రంలో పరీక్ష చేసి, నెలకు సరిపడా మాత్రలు ఉచితంగానే ఇస్తారు. అయినా రెండు నెలలుగా ఆమె అక్కడికి వెళ్లనంటున్నారు. గుచ్చి గుచ్చి అడిగితే, “ఆయన నా మొహం కూడా చూడలేదమ్మా, చీటీ చూశాడు, రాశాడు, తర్వాత ఎవరని పిలిచాడు” అన్నారు. కానీ ఆ కేంద్రం నుంచి ఫోన్ చేసి సేవలు ఎలా ఉన్నాయని అడిగినప్పుడు “అంతా బాగుంది నాయనా” అని చెప్పారు. ఆమె అలా ఎందుకు చెప్పినట్టు? ఉచితంగా ఇచ్చే చోట ఇంతకు మించి ఆశించడం తప్పా?
— ఒక గృహిణి, కృష్ణరాజపురం

జవాబు: తప్పు కాదు. ముందు ఆ సంగతి స్పష్టంగా చెప్పాలి. ఆ మాత్రలు మనం కట్టిన పన్నుల డబ్బుతో వచ్చినవి. అయినా, మందు ఉచితమా, కొన్నదా అన్నదానికీ, ఎదుట కూర్చున్న మనిషి ముఖం చూసి మాట్లాడడానికీ సంబంధం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000 సంవత్సరంలో వెలువరించిన నివేదికలో ఒక దేశపు ఆరోగ్య వ్యవస్థను అంచనా వేయడానికి జబ్బులు తగ్గడం ఒక్కటే చాలదని, మనుషులతో ఎలా మసలుకుంటున్నారో కూడా విడిగా చూడాలని చెప్పింది. రోగి గౌరవం, గోప్యత, తన చికిత్స గురించిన నిర్ణయంలో రోగి పాత్ర, సకాలంలో పట్టించుకోవడం వంటివన్నీ అందులో ఉన్నాయి. కాబట్టి మీ అత్తగారు కోరినది అదనపు సౌకర్యం కాదు. అది చికిత్సలో భాగమే.

ఇక ఆమె ఫోన్‌లో “బాగుంది” అని ఎందుకన్నారన్నది. దీనిని అబద్ధం అనకండి. ఆ మాట వెనుక మూడు నాలుగు సంగతులు కలిసి ఉంటాయి. ఫోన్ చేసినవారు అదే కేంద్రానికి చెందినవారు, వచ్చే నెల మాత్రలు ఇవ్వవలసినవారూ వాళ్లే, కాబట్టి వారి ముందు లోపం చెప్పడానికి మనసు వెనుకాడుతుంది. ఊరకే తీసుకున్న చోట వంక పెట్టకూడదన్న సంస్కారం మన పెద్దవాళ్లలో బలంగా ఉంటుంది. అంతకు మించి, ఆమె తన జీవితంలో ఎన్ని ఆసుపత్రులలో ఎంతసేపు నిలబడి ఉంటారో, ఎన్నిచోట్ల కసురుకోగా విని ఉంటారో మనకు తెలియదు. ఆ అనుభవంతో పోల్చుకుంటే ఇక్కడ ఎవరూ కసరలేదు, మాత్రలు ఇచ్చారు, అది ఆమె లెక్కలో బాగున్నట్టే. తృప్తి అనేది దొరికినదానికీ ఆశించినదానికీ మధ్య ఉన్న దూరం. ఆశ చాలా కిందికి దిగిపోయినచోట తృప్తి సులభంగా కనిపిస్తుంది. ఆమె నోరు బాగుందని చెప్పింది, కాళ్లు మాత్రం రానన్నాయి. ఈ రెండింటిలో నేనైతే కాళ్లను నమ్ముతాను.

ఆ కేంద్రం వాళ్లు నిజంగా తెలుసుకోదలిస్తే, “సేవలు బాగున్నాయా” అని అడగడం మాని, జరిగినది జరిగినట్టు అడగాలి. మీరు చెప్పుకోవాలనుకున్నది పూర్తిగా చెప్పనిచ్చారా? ఈ మాత్ర దేనికోసమో చెప్పారా? బీపీ ఎంత వచ్చిందో మీకు చెప్పారా, చీటీ మీద రాసి ఊరుకున్నారా? పరీక్షించేటప్పుడు తెర వేశారా? మళ్లీ ఎప్పుడు రావాలో మీకు అర్థమైందా? ఇలాంటి ప్రశ్నలకు మొహమాటపడే మనిషి కూడా అవుననో కాదనో చెప్పగలుగుతుంది, ఎందుకంటే ఇవి ఎవరినీ నిందించమని అడగడం లేదు. ఇక ఎవరినీ అడగకుండానే తెలిసే సంగతి ఒకటి ఉంది. గడచిన నెల బీపీ మాత్రలు తీసుకున్నవారిలో ఈ నెల తిరిగి వచ్చినవారు ఎందరో రిజిస్టరు చూస్తే తెలుస్తుంది. రానివారిలో మీ అత్తగారు ఒకరు.

ఆ వైద్యుడిని నేను దుర్మార్గుడని అనుకోవడం లేదు. రోగి మాట సాగనివ్వకపోవడం మా వృత్తిలో చాలా పాత అలవాటు. 1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు పరిశోధకులు రోగులూ డాక్టర్లూ మాట్లాడుకున్నది రికార్డు చేసి విన్నారు. రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టాక సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డు తగులుతున్నట్టు తేలింది. వదిలేస్తే గంటలు గంటలు చెబుతారన్నది డాక్టర్ల భయం. అది నిజమేనా అని స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఒక పెద్ద ఆసుపత్రి ఓపీలో చూశారు. 2002లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం, అడ్డు తగలకుండా వింటే రోగులు సగటున 92 సెకన్లలో తమంతట తామే ముగించారు. ప్రతి నలుగురిలో ముగ్గురికి పైగా రెండు నిమిషాల లోపే చెప్పడం పూర్తి చేశారు. మన పెద్దలు ఫలానా డాక్టరుది మంచి హస్తవాసి అంటారు. నేను వైద్యం నేర్చుకునే రోజుల్లో ఆ మాటను పట్టించుకునేవాడిని కాదు. ఇన్నేళ్ల తర్వాత చూస్తే, హస్తవాసి మంచిదని పేరు పడ్డవారిలో నేనెరిగినవారందరూ రోగి చెప్పేది చివరిదాకా వినేవారే, నాడి చూసేటప్పుడు ఒక క్షణం చేయి పట్టుకుని ఆగేవారే.

బీపీ, షుగర్ విషయంలో ఈ ఆదరణకు ఉన్న విలువ మరీ ఎక్కువ. జ్వరం వచ్చినవాడు కసిరినా మళ్లీ వస్తాడు, ఒళ్లు కాలుతూ ఉంటుంది కాబట్టి. బీపీకి నొప్పి ఉండదు. పెరిగినా తెలియదు, మాత్రలు మానేసినా రెండు మూడు నెలలు ఏమీ జరిగినట్టు అనిపించదు, లోపల మాత్రం మెదడు, గుండె, మూత్రపిండాలు, కళ్లు దెబ్బతింటూ ఉంటాయి. బాధ లేని జబ్బుకు ఏళ్ల తరబడి మాత్రలు మింగించాలంటే, ఆ మనిషికి ఆ కేంద్రం మీద గురి ఉండాలి. అది చీటీ రాస్తే వచ్చేది కాదు.

ఇప్పుడు మీరు చేయవలసినవి చెబుతాను. రెండు నెలలుగా ఆమె మాత్రలు వేసుకుంటున్నారా, మెడికల్ షాపులో కొంటున్నారా, పూర్తిగా మానేశారా అన్నది ఈ రోజే కనుక్కోండి. మానేసి ఉంటే పాత మాత్రలు మీ అంతట మీరు మొదలుపెట్టకుండా, ఈ వారంలోనే బీపీ, షుగర్ చూపించండి. ఈసారి మీరు వెంట వెళ్లండి. ఆమె అడగదలచుకున్న మూడు విషయాలు కాగితం మీద రాసుకుని వెళ్లండి, మాత్రల అట్టలు కూడా తీసుకువెళ్లండి. ముందుగా అక్కడి సిస్టర్‌తో విడిగా, నెమ్మదిగా, “మా అత్తగారు డాక్టరుగారితో రెండు నిమిషాలు మాట్లాడాలనుకుంటున్నారు” అని చెప్పండి. చాలాచోట్ల ఈ ఒక్క మాటతోనే పని జరుగుతుంది. అప్పటికీ మారకపోతే, దగ్గరలోని మరో కేంద్రానికి మారడంలో తప్పు లేదు, మానేయడం మాత్రం వద్దు. ఎప్పుడైనా మూతి ఒకవైపు వంకర పోయినా, ఒక చెయ్యి కాలు పట్టు తప్పినా, మాట తడబడినా, గుండెలో పట్టేసినట్టు నొప్పి వచ్చినా, ఏ కేంద్రం అన్న ఆలోచన పెట్టుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి చేర్చండి.

ప్రశ్న: నేను హిందూపురం నుంచి వచ్చి ఇక్కడ ఒక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. రోజుకు 120 మంది దాకా వస్తారు. రోగుల అభిప్రాయ సేకరణలో మా కేంద్రానికి తక్కువ మార్కులు వచ్చాయని, సిబ్బంది దయగా ఉండడం నేర్చుకోవాలని సమీక్షలో అందరి ముందు అన్నారు. నాకు ఏడుపు వచ్చింది. నేను కఠినురాలిని కాను. ఇంత రద్దీలో దయ ఎక్కడి నుంచి తేవాలి?
— ఒక నర్సు, యలహంక

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు లెక్క చూద్దాం. ఉదయం 9 గంటల నుంచి సాయంత్రం 4:30 దాకా పని, మధ్యలో అరగంట భోజనం అనుకుంటే మిగిలేది 420 నిమిషాలు. 120 మందికి పంచితే మనిషికి మూడున్నర నిమిషాలు. అందులోనే రిజిస్టరు రాయాలి, కంప్యూటర్‌లో ఎక్కించాలి, బీపీ చూడాలి, మందులు ఇవ్వాలి. ఇది మీ ఒక్కరి కష్టం కాదు. 67 దేశాల లెక్కలు పోగుచేసి 2017లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ప్రాథమిక వైద్యంలో డాక్టరు ఒక రోగితో గడిపే సమయం స్వీడన్‌లో 22.5 నిమిషాలు ఉంటే బంగ్లాదేశ్‌లో 48 సెకన్లే ఉంది. ఇంత తేడాను ఒక నర్సు మంచితనంతో పూడ్చలేము. జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ 2013లో మొదలైనప్పుడు సుమారు 50,000 జనాభాకు ఒక పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అన్న ప్రమాణం పెట్టుకున్నారు. ఈ నగరం పెరిగిన తీరు మీకు నాకన్నా బాగా తెలుసు. 2022 డిసెంబరులో కర్ణాటక ప్రభుత్వం ‘నమ్మ క్లినిక్’ పేరుతో చిన్న క్లినిక్‌లు ప్రారంభించడంలో ఉద్దేశం కూడా ఇంటికి దగ్గరలో వైద్యం అందించి ఈ బరువును పంచడమే. మీ కేంద్రంలో ఖాళీ పోస్టులు ఉంటే, రోజువారీ ఓపీ సంఖ్యలతో సహా లిఖితపూర్వకంగా పై అధికారులకు పంపండి. సిబ్బంది కావాలని అడగడం కూడా రోగుల పట్ల దయే.

అయినా ఆ మూడున్నర నిమిషాలలో మీ చేతిలో ఉన్నది కొంత ఉంది. మొదటి అరనిమిషం చాలా ముఖ్యం. తల ఎత్తి, పేరుతో పిలిచి, “కూర్చో అమ్మా, ఏమి ఇబ్బంది?” అని అడిగి, జవాబు వచ్చేదాకా పెన్ను కింద పెట్టండి. ఆ తర్వాత రాసుకుంటూ మాట్లాడినా రోగికి బాధ కలగదు. ఆలస్యం జరుగుతున్నప్పుడు వరుసలో ఉన్నవారికి ఒకసారి వచ్చి, “డాక్టరుగారు ప్రసవం కేసు చూస్తున్నారు, ఇంకో అరగంట పడుతుంది” అని చెప్పండి. ఎందుకో తెలిస్తే ఓపిక పడతారు, తెలియకపోతే గొడవ చేస్తారు. ముసలివారికి, గర్భిణులకు కుర్చీ ఇప్పించండి. బీపీ, షుగర్ మాత్రలకు మాత్రమే వచ్చేవారిని జ్వరాలవారి వరుసలో నిలబెట్టకుండా వారానికి ఒక రోజు వేరుగా పెట్టమని మీ వైద్యాధికారిని అడగండి. అదుపులో ఉన్నవారికి పది రోజులకు కాకుండా 30 రోజులకు మాత్రలు ఇచ్చే వీలుంటే వారి రాకపోకలు మూడో వంతుకు తగ్గుతాయి, మీకు ఊపిరి ఆడుతుంది.

సమీక్ష సంగతికి వస్తే, మొత్తం మార్కు కాకుండా ఏ ప్రశ్నకు ఎంత వచ్చిందో చూపించమని అడగండి. చాలాసార్లు రోగుల అసంతృప్తి మందులు లేకపోవడం మీద, మరుగుదొడ్డి మీద, కూర్చునే చోటు మీద ఉంటుంది, నింద మాత్రం సిస్టర్ మీద పడుతుంది. అందరి ముందు అవమానించి దయ నేర్పే పద్ధతిని నేను ఒప్పుకోను. మిమ్మల్ని పిలిచి, మీ రోజు ఎలా గడుస్తోందో అడగవలసింది. నిద్ర పట్టకపోవడం, పనికి వెళ్లాలంటే గుండె దడ వంటివి వారాల తరబడి ఉంటే 14416 నంబరుకు ఫోన్ చేయండి. అది టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ సేవ, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. దీనికి జాతీయ స్థాయిలో ఆధారంగా ఉన్నది మన బెంగళూరు నిమ్హాన్స్ సంస్థే.

ప్రశ్న: దయను మార్కులతో కొలవడం ఏమిటి? మా వీధిలో సెలైన్ ఎక్కించి, సూది వేసి, నవ్వుతూ పంపే ఒక ప్రైవేటు క్లినిక్ అంటే అందరికీ తృప్తి. వద్దన్న డాక్టరు మీద అందరికీ కోపం. రోగి తృప్తిని నమ్ముకుంటే వైద్యం ఏమవుతుంది?
— ఒక విశ్రాంత ఉద్యోగి, మల్లేశ్వరం

జవాబు: మీ సందేహంలో బలం ఉంది. మామూలు జలుబుకు యాంటీబయాటిక్, నీరసానికి సెలైన్ ఇచ్చినచోట తృప్తి ఎక్కువ, వైద్యం తక్కువ. నోటితో తాగగలిగిన మనిషికి చాలా సందర్భాలలో సెలైన్ అవసరమే ఉండదు. లాన్సెట్ అనే వైద్య పత్రిక తరఫున పనిచేసిన ఒక కమిషన్ 2018లో వేసిన అంచనా ప్రకారం, పేద, మధ్యాదాయ దేశాలలో ఏటా సుమారు 50 లక్షల మంది వైద్యానికి చేరుకుని కూడా, దొరికిన వైద్యం నాసిరకంగా ఉండడం వల్ల చనిపోతున్నారు. అంత మందిలో, వెళ్లినచోట మర్యాదగా చూశారని సంతోషించినవారు కూడా ఉండి ఉండవచ్చు. కాబట్టి తృప్తి ఒక్కటే కొలబద్ద కాకూడదు. బీపీ అదుపులో ఉన్నవారు ఎందరు, టీకాలు పూర్తయిన పిల్లలు ఎందరు అన్న లెక్కల పక్కన దానిని పెట్టి చూడాలి.

కానీ దయను కొలవలేమన్న మాటతో నేను ఏకీభవించను. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో కుటుంబ వైద్యుల కోసం తయారైన ఒక ప్రశ్నావళి 2004 నుంచి వాడుకలో ఉంది. అందులో పది ప్రశ్నలు ఉంటాయి. డాక్టరు మీకు బెరుకు పోగొట్టారా, మీ కథ మీరు చెప్పనిచ్చారా, నిజంగా విన్నారా, మిమ్మల్ని జబ్బుగా కాక మనిషిగా చూశారా, విషయం అర్థమయ్యేలా చెప్పారా, ఏమి చేయాలో మీతో కలిసి నిర్ణయించారా వంటివి. ఒక్కోదానికి అయిదు మెట్లు, మొత్తం 10 నుంచి 50 దాకా వస్తుంది. సూది వేశారా, మందు రాశారా అన్న ప్రశ్న అందులో ఎక్కడా లేదని గమనించండి. సెలైన్ వద్దని చెప్పిన డాక్టరు కూడా, ఎందుకు వద్దో కూర్చోబెట్టి చెబితే, ఈ ప్రశ్నలన్నింటికీ మంచి మార్కులు తెచ్చుకోగలడు. మీ వీధివారి కోపం వద్దన్నందుకు కాకుండా, విసురుగా వద్దన్నందుకు అయి ఉండవచ్చునా? ఒకసారి వారిని అడిగి చూడండి.

ప్రశ్న: హూడి దగ్గర కట్టడాల పనికి వచ్చిన పాలమూరు, అనంతపురం కూలీల కుటుంబాలకు నేను సాయపడుతుంటాను. ఆరోగ్య కేంద్రంలో కన్నడంలో అడుగుతారు, వీళ్లు తలలూపి వచ్చేస్తారు. ఆడవాళ్లు తమ బాధ మేస్త్రీ చేత చెప్పిస్తున్నారు. ఏం చేయాలి?

జవాబు: మేస్త్రీ చేత చెప్పించడం వెంటనే మానిపించండి. నెలసరి, గర్భం, తెల్లబట్ట వంటి విషయాలు పని ఇచ్చే మగవాడి ముందు ఏ ఆడదీ నిజంగా చెప్పదు, చెప్పవలసిన అవసరమూ లేదు. ఈ నగరంలో తెలుగు అర్థమయ్యే సిస్టరో, ఆశా కార్యకర్తో, ఆయమ్మో లేని కేంద్రం అరుదు. “తెలుగు బరువవరు యారాదరూ ఇద్దారా?” అన్న ఒక్క కన్నడ వాక్యం ఆ ఆడవాళ్లకు నేర్పండి, తెలుగు వచ్చినవారు ఎవరైనా ఉన్నారా అని దాని అర్థం. బయటికి వచ్చేముందు, మాత్ర ఎప్పుడు వేసుకోవాలో తమకు అర్థమైనట్టు తిరిగి చెప్పి, సరేనా అని అడగమనండి. తల ఊపడం కన్నా అది ఎంతో మేలు. మహిళా రోగిని మగ డాక్టరు పరీక్షించేటప్పుడు పక్కన మరో స్త్రీ ఉండాలన్నది జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో ఉంది. అది అడిగి తీసుకోవచ్చు. కేంద్రంలో ఎవరూ వినకపోతే 104 ఆరోగ్య సహాయవాణికి ఫోన్ చేసి, తేదీ, సమయం, జరిగినది చెప్పి ఫిర్యాదు నమోదు చేయించండి.

ప్రశ్న: మా నాన్నగారు క్యాన్సర్‌తో ఇంట్లోనే పోయారు. చివరి నాలుగు నెలలూ మా పేట ఆశా కార్యకర్త వారానికి రెండుసార్లు వచ్చి, పుండ్లు పడకుండా ఎలా పడుకోబెట్టాలో మా అమ్మకు నేర్పింది, ఆయన పక్కన కూర్చుని కబుర్లు చెప్పింది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. ఆమె రుణం ఎలా తీర్చుకోవాలి?

జవాబు: జబ్బు తగ్గే ఆశ లేని చోట ఆమె చేసినదంతా వైద్యమే. వైద్యులు దానిని ఉపశమన చికిత్స అంటారు. ఆశా కార్యకర్తలకు నెల జీతం ఉండదు, గౌరవ వేతనమూ చేసిన పనిని బట్టి వచ్చే ప్రోత్సాహకాలూ మాత్రమే ఉంటాయి. మీ నాన్నగారి పక్కన కూర్చున్న గంటలు ఏ రిజిస్టరులోనూ ఎక్కి ఉండవు. మీరు వాటిని ఎక్కించండి. ఆ కేంద్రం వైద్యాధికారి పేర ఒక ఉత్తరం రాయండి. ‘చాలా మంచి మనిషి’ అని ఒక్క మాటలో ముగించకుండా, ఏ నెలలో వచ్చింది, ఏమి నేర్పింది, మీ నాన్నగారికి పుండ్లు పడకుండా ఎలా కాపాడింది, రాత్రి నొప్పి ఎక్కువైనప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో ఎలా చెప్పింది, అన్నీ రాయండి. కన్నడంలో రాయించగలిగితే ఇంకా మంచిది. ఆ ఉత్తరం నకలు ఒకటి ఆమె చేతికి ఇవ్వండి, ఇచ్చేటప్పుడు మీ అమ్మగారిని వెంట తీసుకువెళ్లండి.